కనురెప్పలతో ఎత్తాల్సిన ఉప్పు

మంచు తుఫాను వస్తోందని టీవీలో చెప్పగానే నేపర్‌విల్ జనమంతా పాలకీ, బ్రెడ్‌కీ, గుడ్లకీ పరుగెత్తుతారు. ఆ మూడూ కలిపి అంతమంది ఏం వండుకుంటారో ఇన్నేళ్లుగా ఇక్కడే ఉన్నా నాకు అంతుపట్టలేదు. మనవాళ్లయితే ఇండియన్ స్టోర్‌కి పోయి కొత్తిమీర కొంటారు. వారం రోజులు ఇల్లు కదలకుండా కూర్చోవడానికి రెండు రోజుల్లో వాడిపోయే ఆకు. ఉల్లిపాయల దగ్గరైతే, ఆఫీసులో వందమందికి పని చెప్పే మనుషులు కూడా బస్తా మీద చెయ్యి వేసి, వెనక ఎవరున్నారో చూడనట్టు నిలబడతారు.

నేను మాత్రం ముందు ఉప్పు కొంటాను.

మా ఇంటి పద్ధతి అది. సరుకులు తెచ్చుకోవడం మొదలుపెడితే ముందు ఉప్పు, తరవాత పసుపు, ఆ తరవాతే మిగతావి. ఇంట్లో ఉప్పుంటే మిగిలిన సరుకులు దారి అడుక్కుంటూ వాటంతటవే వస్తాయని మా నాయనమ్మ అనేది. అందుకని కార్ట్‌లో మొదట పడేది కల్లుప్పు, అదీ రెండు ప్యాకెట్లు. ఒక్కటే కొంటే దానికి తోడుండదు.

చిక్కేమిటంటే ఇక్కడి తుఫానుల్లో సగం మాట మీద నిలబడవు. చొక్కా చేతులు మడిచి మ్యాపు ముందు నిలబడిన టీవీ ఆయన రెండు రోజులు గొంతు పోయేలా హెచ్చరిస్తాడు. తీరా చూస్తే తుఫాను దారి తప్పి పక్క రాష్ట్రం ఇండియానా వైపు పోతుంది. పోయినందుకు నేను దేవుడికి దండం పెట్టుకుంటాను. పాలు తాగేస్తాం, కొత్తిమీర కుళ్లిపోతుంది, ఉప్పు ఉండిపోతుంది. కల్లుప్పు వంటలో ఎంత పడుతుంది, చారెడు. పారేద్దామంటే ఉప్పు లక్ష్మి. ఎవరికైనా ఇద్దామంటే శుక్రవారం ఇవ్వకూడదు, దీపం పెట్టాక ఇవ్వకూడదు, ఏ రోజైనా చేతికి అసలే ఇవ్వకూడదు. అలా తుఫాను వెనక తుఫాను రాకుండా పోతూ, మా బేస్‌మెంట్‌లో మెట్ల కింద ఉప్పు పేరుకుపోయింది. దాని మీద పాత దుప్పటి కప్పి ఉంచాను.

"మన ఇంట్లో సముద్రం ఉంది. నీళ్లు పోయడమే తరువాయి," అని మా ఆయన వచ్చినవాళ్లందరికీ దుప్పటి ఎత్తి చూపించేవారు.

నాకు ఉప్పంటే ఎందుకంత భక్తో చెప్పాలి. మాది ఒంగోలు దగ్గర సముద్రం పక్కన ఉప్పు పండే ఊరు. మా వైపు ఉప్పు తయారవుతుందని ఎవరూ అనరు, పండుతుందనే అంటారు. చిన్నప్పుడు నాకు ఉబ్బసం ఉండేది. బడికి పంపకుండా నాయనమ్మే ఇంట్లో చదువు చెప్పింది. పొద్దున్నే అరుగు మీద కూర్చోబెట్టి ఒక పక్క ఎక్కాలు, ఒక పక్క పుణ్యపాపాలు వల్లె వేయించేది. ఏడేడులు నలభై తొమ్మిది. అన్నం తొక్కితే కళ్లు పోతాయి. ఏడెనిమిదులు యాభై ఆరు. ఉప్పు నేలపాలు చేస్తే చచ్చాక పై లోకంలో ఒక్కో రాయీ కనురెప్పలతో ఎత్తాలి. రెండూ ఒకే పూట, ఒకే గొంతులో నేర్చుకున్నాను కనుక ఈనాటికీ నాకు రెండింటి మీదా ఒకే నమ్మకం. ఏడెనిమిదులు యాభై ఆరు కాదేమోనని ఎవరైనా అంటే ఎలా ఉంటుంది? ఇదీ అంతే.

ఇంత చదువు చదువుకుని నేను ఈ దేశం వచ్చిన మొదటి చలికాలంలో, ఒక సాయంత్రం మా కారు ముందు ఒక పెద్ద లారీ వెళుతోంది. దాని వెనకాల చక్రం ఒకటి గిరగిరా తిరుగుతూ తెల్లటి రాళ్లు రోడ్డంతా విరజిమ్ముతోంది.

"ఏమిటండీ అది?" అన్నాను.

"ఉప్పు. ఐస్ కరగడానికి చల్లుతారు."

"ఉప్పే?"

"ఉప్పే. టన్నులు టన్నులు."

ఆ డ్రైవర్ ఎవరో, ఇంట్లో పిల్లలున్నారో ఏమో. రేపు పై లోకంలో ఆయన ఒక్కడే బోర్లా పడుకుని ఆ రోడ్డంతా, ఆ చలిలో, కనురెప్పలతో. ఆయనతో పాటు ఊరి రోడ్ల డిపార్ట్‌మెంట్ మొత్తం, పసుపు జాకెట్లు వేసుకుని వరసగా. ఆ రాత్రి దీపం దగ్గర, తెలియక చేస్తున్నారు, జీతం కోసం చేస్తున్నారు, లెక్క తగ్గించమని వాళ్ల తరఫున అడిగాను. ఇప్పటికీ ప్రతి చలికాలం అడుగుతాను. వాళ్లు చల్లకపోతే మా ఆయన రైలు స్టేషన్‌కి చేరేవారు కాదు కదా.

నా మటుకు నేను జాగ్రత్తగా ఉండేదాన్ని. చలికాలమంతా పేవ్‌మెంట్ వదిలి గడ్డి మీద, మంచులో కూరుకుపోతూ నడిచేదాన్ని. దాటక తప్పని చోట ఉప్పు లేని జాగా చూసుకుని గెంతేదాన్ని. పొరపాటున బూటు కింద కరకరమంటే ఆగి, వంగి, నేలకి చెయ్యి ఆనించి కళ్లకద్దుకునేదాన్ని.

"అమ్మా, నువ్వు అలా ఎందుకు చేస్తావు? పీపుల్ చూస్తున్నారు," అనేది మా అమ్మాయి. ఇక్కడే పుట్టింది, హైస్కూల్ చదువుతోంది.

"చూస్తే ఏమయింది."

"మా ఫ్రెండ్ మామ్ నీకు మోకాళ్ల ప్రాబ్లమ్ ఉందా అని అడిగింది. సర్జన్ నంబర్ ఇస్తానంది."

మంచి మనిషి. ఆవిడ కోసం కూడా ఓ దండం పెట్టుకున్నాను.

మా టౌన్‌హోమ్‌ని ఆనుకుని ఉన్న ఇంట్లో వరంగల్ వైపు వాళ్లుంటారు. కొడుకు, కోడలు, కొడుకు తండ్రి. ఆ పెద్దాయనకి కిడ్నీలు రెండూ పనిచేయడం మానేశాయి. సోమ, బుధ, శుక్రవారాలు వ్యాన్ వచ్చి డయాలసిస్‌కి తీసుకెళుతుంది. దాన్ని ఆయన "డ్యూటీ" అంటారు. "నా కొడుక్కు వారానికి రెండు దినాలే ఆఫీస్, నాకు మూడు. ఇంట్ల ఎక్కువ డ్యూటీ చేసేటోన్ని నేనే," అంటారు. డాక్టర్లు ఆయనకి ఉప్పు పూర్తిగా మాన్పించేశారు. కోడలు దగ్గరుండి కాపలా. అన్నీ చప్పిడివే.

నేను ప్రతి వేసవిలో ఆవకాయ పెడతానని ఆయనకి తెలుసు. నెలకోసారి కర్ర పట్టుకుని మా తలుపు కొట్టేవారు.

"బిడ్డా, జెర జాడీ మూత తియ్యరాదు."

"తినకూడదు కదా బాబాయిగారూ."

"తింటనన్ననా? వాసన సూస్త. వాసనల సోడియం ఉండదట, డాక్టర్‌ను అడిగిన."

నిజంగానే అడిగారట. జాడీ మూత తీసి పట్టుకునేదాన్ని. కళ్లు మూసుకుని ఒక్కసారి గట్టిగా పీల్చి, "శాన మంచిగున్నది. ఉప్పు జెర ఎక్కువైంది," అని వెళ్లిపోయేవారు.

పోయిన చలికాలం. శుక్రవారం రాత్రికి పెద్ద తుఫాను అన్నారు. ఈసారి టీవీ ఆయన టై కూడా తీసేశాడు. గురువారం మేం ముగ్గురం షాపింగ్‌కి వెళ్లాం. ఐస్ మీద చల్లే నీలం రంగు ఉప్పు, ఐస్ మెల్ట్ అంటారు, ఊళ్లో ఎక్కడా లేదు. అరలన్నీ ఖాళీ, కింద నాలుగు రాళ్లు మాత్రం పడి ఉన్నాయి. నేను వాటిని చుట్టి నడిచాను. మెట్ల మీద ఉప్పు చల్లడం మా టౌన్‌హోమ్‌ల అసోసియేషన్ పెట్టిన కాంట్రాక్టర్ పని, మనకెందుకని మా ఆయన ధీమాగా ఉన్నారు. తరవాత ఇండియన్ స్టోర్‌లో నేను రెండు ప్యాకెట్ల కల్లుప్పు కార్ట్‌లో పెడుతుంటే ఆయన బిల్లు కౌంటర్ అబ్బాయితో, "మాకు ఉప్పు బిజినెస్ లెండి," అన్నారు.

శుక్రవారం పొద్దున తలంటుకుని దీపం పెట్టుకున్నాను. రాత్రికి వస్తానన్న తుఫాను పొద్దున్నే ఒక వానని ముందు పంపించింది. పడుతూ పడుతూనే గడ్డకట్టే వాన. కిటికీలోంచి చూస్తే చెట్లు, మెయిల్‌బాక్స్, మెట్లు, అన్నిటికీ అద్దం తొడిగినట్టుంది. చూడ్డానికి ఎంత బాగుందో. ఇంతటి అందం చూపించావా స్వామీ అనుకుంటుండగానే, పక్కింటి కోడలు మా తలుపు దగ్గరికి వచ్చింది. నడిచి కాదు. మధ్యనున్న రెయిలింగ్ పట్టుకుని పాక్కుంటూ.

"అక్కా, మీ దగ్గర ఐస్ మెల్ట్ ఉన్నదా? వ్యాన్ వచ్చింది. డ్రైవర్ మెట్లు ఎక్కనంటున్నడు."

సంగతి ఇది. తుఫాను వల్ల డయాలసిస్ సెంటర్ ఆ రోజు తొందరగా మూసేస్తారు. మధ్యాహ్నం లోపల వస్తేనే చేస్తారు. శని, ఆదివారాలు ఎటూ మూతే. ఇవాళ తప్పితే సోమవారం దాకా లేదు. పెద్దాయన కాళ్లు అప్పటికే వాచి ఉన్నాయి. రాత్రంతా కుర్చీలో కూర్చునే ఊపిరి తీసుకున్నారట. కొడుకు డౌన్‌టౌన్ ఆఫీసులో చిక్కుకుపోయాడు, రైళ్లు ఆపేశారు. అంబులెన్స్ అడిగితే రోడ్లన్నీ యాక్సిడెంట్లు, ఎప్పుడొస్తుందో చెప్పలేమన్నారు. కాంట్రాక్టర్ ఫోనే ఎత్తడం లేదు. వీధి మలుపు దాకా ఊరివాళ్ల ఉప్పు లారీ వచ్చి పోయింది కాబట్టి వ్యాన్ రాగలిగింది. రోడ్డు నుంచి వాళ్ల గుమ్మం దాకా ఉన్న ఆ కాస్త దారే అడ్డం.

డ్రైవర్ కొండంత మనిషి, గడ్డం నిండా మంచు. "నేను పడినా పరవాలేదు. ఆయన్ని పట్టుకుని నేను పడితే?" అన్నాడు ఇంగ్లీషులో. ఇంకో పేషెంట్‌ని కూడా తీసుకెళ్లాలని, కాసేపు మాత్రం ఆగుతానని చెప్పాడు.

"ఉండండి, నేను చూస్తాను," అని మా ఆయన బూట్లు వేసుకుని బయటికి అడుగు పెట్టారు. రెండో అడుగు పెట్టలేదు. కూర్చున్న మనిషి కూర్చున్నట్టే, చేతులు ఒళ్లో పెట్టుకుని, నిదానంగా జారుకుంటూ వ్యాన్ చక్రం దాకా వెళ్లి ఆగారు. డ్రైవర్ వంగి ఆయనకి గుడ్ మార్నింగ్ చెప్పాడు.

"దెబ్బ తగిలిందా?" అన్నాను తలుపు దగ్గర నుంచి.

"తగల్లేదు. వెనక్కి ఎలా రావాలో తెలియడం లేదు."

ఏదైనా గరుకుగా ఉన్నది చల్లితే కాలు పట్టు దొరుకుతుందని కోడలు అంది. గరుకు అనగానే నాకు తట్టింది ఇడ్లీ రవ్వ. తుఫాను కోసం తెచ్చిన పెద్ద ప్యాకెట్ విప్పి రెయిలింగ్ మీదుగా వాళ్ల మెట్ల మీద పోశాను. తిండి నేల మీద పోయడం తప్పే, కానీ పిట్టలు తింటాయి కదా అని మనసుకి సర్ది చెప్పుకున్నాను. వాన తగిలి రవ్వ నాని, మెట్లన్నీ జావలా తయారయ్యాయి. ముందుకంటే ఎక్కువ జారుతోంది. అటుకులు చల్లాను. అవి అతుక్కున్నాయి గానీ కాలు పెడితే కాలితో పాటే వచ్చేశాయి. పచ్చిశనగపప్పు గట్టిగా ఉంటుందని అదీ పోశాను. అది కాలి కింద దొర్లుతోంది.

పెద్దాయన తన గుమ్మంలో కుర్చీ వేయించుకుని, మంకీ క్యాప్, కోటు, దాని మీద దుప్పటి, ఒళ్లో డయాలసిస్ బ్యాగ్‌తో తయారుగా కూర్చుని ఇదంతా చూస్తున్నారు. మాటకీ మాటకీ మధ్య ఆయాసం. అయినా ఊరుకోలేదు.

"రవ్వ పోసినవ్, పప్పు పోసినవ్. పోపు ఎప్పుడు పెడ్తవ్ బిడ్డా?"

నేను బియ్యం డబ్బా వైపు చూశాను. అప్పుడు మా అమ్మాయి నా వెనక నిలబడి, చాలా నెమ్మదిగా, పిచ్చివాళ్లతో మాట్లాడినట్టు మాట్లాడింది.

"అమ్మా. బేస్‌మెంట్‌లో సాల్ట్ ఉంది. మౌంటెన్ ఉంది. సేమ్ థింగ్ అది. ట్రక్‌లో వేసేది, నువ్వు కొనేది, సేమ్."

చక్రం దగ్గర నుంచి మా ఆయన తల తిప్పి చూశారు. కోడలు చూసింది. తెలుగు రాని డ్రైవర్ కూడా చూశాడు.

నాకు తట్టక కాదు. ఐస్ మెల్ట్ అన్న మాట వినగానే తట్టింది. గొంతు దాకా వచ్చి ఆగింది. అందుకే గదా ముందు రవ్వ, తరవాత అటుకులు, తరవాత పప్పు. పైగా శుక్రవారం, పైగా దీపం పెట్టేశాను. ఇంట్లో ఉప్పు గడప దాటకూడదు. దాటినా చేతికి ఇవ్వకూడదు. ఇచ్చినా నేల మీద పోయకూడదు. పోసినా తొక్కకూడదు. నాయనమ్మ ఉప్పు గురించి చెప్పిన ప్రతి మాటా ఆ మెట్ల మీద వరసగా నిలబడి నన్ను చూస్తోంది. కుర్చీలో ఆ మనిషి భుజాలు ఎగరేసి ఊపిరి తీసుకుంటున్నారు.

"ఏం ఆలోచన చేస్తున్నవ్ బిడ్డా?"

దాచడం ఎందుకని ఉన్నమాట చెప్పేశాను. రెండు గుమ్మాల మధ్య, వానలో, డ్రైవర్ వాచీ చూసుకుంటూ ఉండగా. నాయనమ్మ, శుక్రవారం, పై లోకం, కనురెప్పలు, అంతా.

"అక్కా, గిప్పుడా గివన్ని," అంది కోడలు. ఏడుపు ఒక్కటే తక్కువ.

పెద్దాయన నవ్వలేదు.

"మా అవ్వ గూడ గదే చెప్పేది. రెప్పలతోనే ఎత్తాలె," అన్నారు. ఆగి ఊపిరి తీసుకున్నారు. "ఒక పని చేద్దాం. సగం నేను ఎత్తుత. ఎట్లైన ముందు పోయేది నేనే గద. నువ్వు వచ్చేటాలకు నా సగం అయిపోయి ఉంటది. అక్కడ డ్యూటీ గూడ ఉండదు, ఖాళీగనే ఉంట."

"అలా అనకండి బాబాయిగారూ."

"మరి పోస్తవా, పోయవా?"

"అమ్మా, అది మెల్ట్ అవుతుంది. మెల్ట్ అయిపోతే పికప్ చేయడానికి ఏం ఉంటుంది?" అంది మా అమ్మాయి.

ఇన్నేళ్లలో ఈ సంగతి నాయనమ్మకి గానీ నాకు గానీ ఎందుకు తట్టలేదో తెలియదు. మా ఊళ్లో ఉప్పు కరిగితే నష్టం. ఇక్కడ కరగడానికే పోస్తారు. వాన వస్తే కొఠార్లలో ఉప్పు కుప్పల మీద తాటాకులు కప్పి కాపాడుకునే ఊరి పిల్లని, వానలో నిలబడి ఉప్పు పోయడానికి వెళ్లాను.

ముందు పూజ దగ్గర చిటికెడు పెట్టి క్షమించమని అడిగాను. ఒక్క క్షణమే పట్టింది. మా అమ్మాయి అప్పటికే దుప్పటి లాగేసి ప్యాకెట్లు పైకి మోసుకొస్తోంది. నాకు అందించబోయింది.

"చేతికి కాదు. కింద పెట్టు, నేను తీసుకుంటాను."

"అమ్మా, సీరియస్‌గా?"

"చేతికి చేతికి ఇస్తే గొడవలవుతాయి."

"ఆల్రెడీ అవుతున్నాయి," అంది. కానీ పెట్టింది. అది పెడుతుంది, నేను తీస్తాను. చించి సగం నేను పోస్తాను, సగం ప్యాకెట్ కింద పెడతాను, కోడలు తీసుకుని అవతల వైపు పోస్తుంది. చక్రం దగ్గరున్న మా ఆయన వైపు ప్యాకెట్‌ని ఐస్ మీద జారవిడిచాం. ఆయన కూర్చున్న చోటు నుంచే తన చుట్టూ చల్లుకుంటూ పరదేశం నుంచి ఇంటికి తిరిగొస్తున్న మనిషిలా కాస్త కాస్తగా ముందుకు జరిగారు. డ్రైవర్ కాసేపు చూసి, ఇలా ప్రతిసారీ కింద పెట్టి తీయడం దేనికని మా అమ్మాయిని అడిగాడు. రిలీజియస్ అని చెప్పింది. ఆయన తల ఊపి, తనకి అందిన ప్యాకెట్‌ని తనే మర్యాదగా ఒకసారి నేల మీద పెట్టి, మళ్లీ తీసుకుని చించాడు. ఆయన్ని కన్న తల్లి చల్లగా ఉండాలి.

నా చెయ్యి మాత్రం పోయడానికి ఒప్పుకోలేదు. పిండి పట్టుకున్నట్టు బొటనవేలుకీ చూపుడువేలుకీ మధ్య నుంచి సన్నగా, గీతల్లా వదులుతోంది.

"ముగ్గు కాదే, పోసెయ్యి," అని అరిచారు మా ఆయన.

కళ్లు మూసుకుని పోశాను. దోసిళ్లతో, తరవాత ప్యాకెట్లకి ప్యాకెట్లు బోర్లించి. అద్దం లోపల ఎక్కడో సన్నగా చిటపటమని మొదలైంది. గీతలు పడ్డాయి. నీళ్లు ఊరాయి. జావ, అటుకులు, పప్పు, ఉప్పు అన్నీ కలిసి మెత్తబడి మెట్ల అంచులు బయటపడ్డాయి. డ్రైవర్ బూటుతో తొక్కి చూసి సరే అన్నాడు.

ఒక పక్క డ్రైవర్, ఒక పక్క కోడలు పట్టుకోగా పెద్దాయన దిగారు. నడిమధ్యలో ఆగారు. ఏమయిందోనని తొంగి చూశాను. బూటు ఒకసారి అటూ ఇటూ కదిపి విన్నారు. కరకరమంది.

"దొడ్డుప్పు," అన్నారు. "తిననియ్యకపోతిరి. కడుపునిండ తొక్కుతున్న."

వ్యాన్ వెళ్లిపోయింది. మా ఆయన లేచి నిలబడి ప్యాంటు వెనక దులుపుకున్నారు. సెంటర్ మూసే వేళకి లోపలికి తీసుకున్నారని కోడలు ఫోన్ చేసి చెప్పేదాకా నేను తడి బట్టలతోనే పూజ దగ్గర కూర్చున్నాను. ఇన్నేళ్లూ దారి తప్పి ఇండియానా పోయిన తుఫానులన్నిటికీ దండం పెట్టుకున్నాను. అవి మాట మీద నిలబడి ఉంటే మెట్ల కింద అంత ఉప్పెక్కడిది.

అయితే వెళ్లిన మనిషి తిరిగి రావాలి గదా. సాయంత్రానికి వాన ఆగి మంచు మొదలైంది. కరిగినదంతా మళ్లీ బిగుసుకుంది. వ్యాన్ వస్తోందని తెలియగానే బేస్‌మెంట్‌లో మిగిలినవన్నీ పోశాం. పై రెండు మెట్లకి చాలలేదు. వంటింట్లో స్టవ్ పక్కనుండే ఉప్పు జాడీ తెచ్చి అదీ బోర్లించాను. ఈసారి ఆయన ఊపిరి తేలిగ్గా వస్తోంది. ఒక్కో మెట్టూ ఎక్కుతూ, రవ్వ గడ్డకట్టిన చోట ఆగి, "పోపు ఇంక పెట్టలే," అన్నారు.

తలుపులు వేసుకున్నాం. అసలు తుఫాను అప్పుడొచ్చింది. నేను పప్పు పొయ్యి మీద పెట్టి, ఉడికాక అలవాటుగా జాడీ మూత తీశాను. అడుగు కనిపిస్తోంది. కాపురానికి వచ్చాక మా ఇంట్లో ఉప్పు లేకపోవడం అదే మొదలు. సముద్రం ఎండిపోయింది.

"పక్కింట్లో అడుగు," అన్నారు మా ఆయన.

"శుక్రవారం. దీపాలు పెట్టాక ఉప్పు అడగకూడదు."

"పొద్దున్నుంచి ఊరంతా చల్లావు."

"అది వేరు."

ఆవకాయ ఉందిగా అన్నారు. ఉంది, జాడీ నిండా. కానీ ఎందుకో, పక్కింటి మనిషి తినలేనిది ఆ పూట నాకు తినాలనిపించలేదు. చప్పిడి పప్పు, చప్పిడి వంకాయ వేసుకుని కూర్చున్నాను. మా అమ్మాయి చిప్స్ ప్యాకెట్ తెచ్చుకుంది. మా ఆయన పెరుగు కోసమని లేచి వెళ్లి ఫ్రిజ్ తలుపు చాటున చాలాసేపు నిలబడ్డారు. తిరిగొచ్చేసరికి వేళ్లు నూనెతో ఎర్రగా ఉన్నాయి.

ఫోన్ మోగింది. పెద్దాయన.

"కోడలు చెప్పింది, మీ ఇంట్ల ఉప్పు ఒడిసిందట గద. ఎట్లున్నది బిడ్డా మా భోజనం?"

"బాగుంది బాబాయిగారూ. పప్పు తియ్యగా ఉంటుందని ఇప్పుడే తెలిసింది."

"అబద్ధాలు చెప్పకు. గడ్డి లెక్క ఉంటది. రెండేండ్ల సంది తింటున్న, నాకెరుక. రేపు పొద్దున కోడలితోని ఉప్పు పంపిస్త."

"రేపు శనివారం. శనివారం ఉప్పు ఇంట్లోకి తీసుకోకూడదండీ."

"మీ నాయనమ్మ అసలు ఏ దినం ఉప్పు తిననిచ్చింది బిడ్డా మిమ్ముల?"

ఆదివారం పరవాలేదని చెప్పాను. శనివారం కూడా అలాగే గడిచింది. మంచు కిటికీల దాకా పేరుకుంది. ఆ రెండు రోజులూ ముద్ద నోట పెట్టుకున్న ప్రతిసారీ ఆయన గుర్తొచ్చారు. ఇన్నాళ్లూ ఆరోగ్యం ఇవ్వమని ఎవరెవరికోసమో అడిగాను గానీ, నా నాలుక మీద ఉప్పు పెట్టినందుకు ఒక్కసారీ థాంక్స్ చెప్పలేదే అనిపించింది. చెప్పాను.

ఆదివారం పొద్దున ఎండ వచ్చింది. తలుపు చప్పుడైతే తీశాను. ఎవరూ లేరు. గుమ్మం ముందు, చేతికి ఇవ్వకుండా, మూత పెట్టిన చిన్న స్టీలు గిన్నె నేల మీద పెట్టి ఉంది. మంచులో కోడలి బూట్ల అడుగులు వచ్చి, తిరిగి వెళ్లిన జాడ. గిన్నె తీసుకుని కళ్లకద్దుకుని పక్కకి చూశాను.

పెద్దాయన తన గది కిటికీ దగ్గర నిలబడి ఉన్నారు. నన్ను చూడగానే మెడ ముందుకి వంచి, కిటికీ అద్దానికి బాగా దగ్గరగా వచ్చి, కనురెప్పలు టపటపా కొట్టడం మొదలుపెట్టారు. కంట్లో ఏదైనా పడిందేమోనని కంగారుపడ్డాను. ఆయన ఆపి, నేల వైపు వేలు చూపించి, ఏదో ఎత్తి పక్కన పోసినట్టు తల తిప్పి, మళ్లీ మొదలుపెట్టారు.

అభ్యాసం చేస్తున్నారు.

గిన్నె గుమ్మంలోనే పెట్టి, నేను కూడా నా సగం మొదలుపెట్టాను.